సీటు ఒక్కటే, బాకీలు బోలెడు

నరసన్నపేట దాటి లోపలి ఊళ్లకు వెళ్లే రోడ్డు మీద ఒక టీ బడ్డీ ఉంది. బెంచీ ఒక్కటే. నలుగురు కూర్చుంటే ఐదోవాడు తన బండి మీదే కూర్చోవాలి. ఆమధ్య అక్కడ టీకి ఆగితే వాదన మంచి కాక మీద ఉంది. పక్క ఊరి ఎంపీటీసీ సీటు ఖాళీ అయిందట, ఉప ఎన్నిక పడుతుందట. పడుతుందో లేదో ఎవరికీ రూఢిగా తెలీదు. దున్నపోతు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, అప్పటికే ఇద్దరు అభ్యర్థుల పేర్లు, వాళ్ల కులాల ఓట్ల లెక్కలు కూడా అయిపోయాయి.

"ఆడికి ఓటేత్తే మా ఈది కాలవ బాగవుతాదేటి?" అని ఒక పెద్దాయన మొదలెట్టాడు. "పింఛను నాలుగేలు సేసినోలికి కాకపోతే ఇంకెవులికేత్తావు మావా?" అని పక్కన కూర్చున్నతను. ఆటో తోలే కుర్రాడిది ఇంకో బాధ. "మా ఇంటిది బస్సులో ఫ్రీగా ఎల్తంది. నా ఆటో ఎక్కేవోలు తగ్గిపోనారు. మల్లీ నాకు పదైదేలు ఏసినారు. ఇప్పుడు నాను గవర్నమెంటుని తిట్టాలా, పొగడాలా?"

అందరూ నవ్వారు. బడ్డీ నడిపే ఆమె మాత్రం గ్లాసులు కడుగుతూనే అడిగింది: "అదంతా సరే గాని బావూ, ఎంపీటీసీ అంటే ఏటి సేత్తాడు?"

ఎవరూ వెంటనే జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కాలవ, పింఛను, బస్సు, ఆటో డబ్బులు అన్నీ నిజమైన బాధలూ నిజమైన లాభాలూనే. కానీ వీటిలో ఏ ఒక్కటీ ఆ ఖాళీ సీటు పద్దులోది కాదు. ఉప ఎన్నిక వాదనల్లో చిక్కుముడి పడేది సరిగ్గా ఇక్కడే. అందరి బాకీలూ తెచ్చి దొరికిన ఒక్క సీటు మీద రాసేస్తాం.

ముందు ఆమె ప్రశ్నకే వద్దాం. మూడు నాలుగు వేల జనాభాకి ఒక ఎంపీటీసీ, అంటే మండల పరిషత్తు ప్రాదేశిక సభ్యుడు, ఉంటారు. వాళ్లందరూ కలిస్తే మండల పరిషత్తు. సర్పంచ్‌కి పంచాయతీ ఉన్నట్టుగా ఎంపీటీసీకి తనదంటూ ఆఫీసు ఉండదు, చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఉండదు. మండల పరిషత్తు సర్వసభ్య సమావేశానికి వెళ్లి అధికారుల్ని అడగొచ్చు. మండల నిధుల్లోంచి తన ఊరికి ఒక పని రాబట్టుకోవచ్చు. ఇవి చిన్న పనులు కావు గాని, గోడ మీద రాసిన హామీలతో పోలిస్తే చిన్నవే.

ఆ సీటుకి అసలు బలం ఇచ్చేవి రెండు ఓట్లు. ఒకటి, మండలాధ్యక్షుడిని ఎన్నుకునే రోజు చెయ్యెత్తడం. సర్పంచ్ ఎన్నికకి పార్టీ గుర్తు లేదు, ఎంపీటీసీకి ఉంది. కాబట్టి ఆ రోజు పార్టీ విప్, అంటే ఎవరికి వేయాలో చెప్పే ఆదేశం, ఉంటుంది, సొంత బుద్ధికి చోటు తక్కువ. రెండోది, స్థానిక సంస్థల కోటాలో ఎమ్మెల్సీని ఎన్నుకునే ఓటు. దీని బరువు ఎంతో తెలియాలంటే 2024 చూడాలి. ఆ జూన్‌లో బొత్స సత్యనారాయణ చీపురుపల్లిలో ఎమ్మెల్యేగా ఓడిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టులో, విశాఖ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఉప ఎన్నికలో పోటీ లేకుండా గెలిచి మండలికి వెళ్లారు. అక్కడ ఓటర్లు జనం కాదు, 2021లో జనం ఎన్నుకున్న ఎంపీటీసీలూ, జిల్లా పరిషత్తు సభ్యులైన జడ్పీటీసీలూ, కార్పొరేటర్లూ. వాళ్లలో ఎక్కువమంది ఆయన పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్లు కాబట్టి అధికారంలో ఉన్న తెలుగుదేశం కూటమి అభ్యర్థినే పెట్టలేదు. మన వీధి కాలవ కోసం అనుకుని వేసిన ఓటు మూడేళ్ల తర్వాత ఎక్కడో శాసనమండలిలో తేలుతుంది. బడ్డీ ఆమెకి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబులో సగం ఇదే.

ఇక కాలవ. మురుగు కాలవ, వీధి దీపం, కుళాయి, చెత్త ఎత్తడం పంచాయతీ పనులు. అడగాల్సింది సర్పంచ్‌ని, పంచాయతీ కార్యదర్శిని. వాళ్ల దగ్గర డబ్బుందా అన్నది తర్వాతి ప్రశ్న. చిన్న పంచాయతీల్లో ఇంటి పన్ను మీద వచ్చేది వీధి దీపాల కరెంటు బిల్లుకే చాలదు. మిగిలింది కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం గ్రాంటు. 14వ ఆర్థిక సంఘం ఆ గ్రాంటు మొత్తం గ్రామ పంచాయతీలకే ఇచ్చింది. 15వది వచ్చాక మండల, జిల్లా పరిషత్తులకూ వాటా పెట్టింది. పైగా అందులో 60 శాతం టైడ్ గ్రాంటు చేసింది, అంటే తాగునీటికి, పారిశుధ్యానికి తప్ప వేరే దేనికీ ఖర్చు పెట్టకూడదంది. 2021లో గెలిచిన సర్పంచులు ఆ మిగిలిన డబ్బు కూడా కరెంటు బకాయిల కింద సర్దేశారని పార్టీలతో పని లేకుండా రోడ్డెక్కారు. సొంత పార్టీ ప్రభుత్వం మీదే ధర్నాకి కూర్చున్న సర్పంచులూ వాళ్లలో ఉన్నారు. కాలవ బాగవకపోవడానికి కారణం ఆ ఊరి సర్పంచే కావచ్చు, డబ్బు మళ్లించిన రాష్ట్రం కావచ్చు, షరతు పెట్టిన కేంద్రం కావచ్చు. ఖాళీ అయిన ఎంపీటీసీ సీటు మాత్రం కాదు.

సిమెంటు రోడ్డుది ఇంకా సరదా కథ. 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో రాష్ట్రమంతా సీసీ రోడ్ల పనులు మొదలయ్యాయి. దానికి ముందు ఆగస్టు 23న పంచాయతీలన్నిట్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి పనులు తీర్మానించారు. ఆ రోడ్లకు డబ్బు వచ్చింది ఉపాధి హామీ పథకం నుంచి. ఆ పథకంలో ఖర్చు కూలీకి కనీసం 60 పాళ్లు, సామగ్రికి 40 పాళ్లు మించకుండా ఉండాలని అప్పటి నియమం. అంటే మన ఆడవాళ్లు ఎండలో పలుగూ పారా పట్టుకుని చెరువు పూడిక తీస్తే, ఆ కూలి లెక్కని బట్టే సిమెంటు, కంకరకి డబ్బు పుట్టేది. జిల్లాలో ఎంత ఎక్కువమంది పనికి వెళ్తే అన్ని ఎక్కువ రోడ్లు. శిలాఫలకం మీద వాళ్ల పేర్లు ఉండవనుకోండి. "రోడ్డు మేం ఏసినాం" అని ఏ పార్టీ ప్రచారానికి వచ్చినా, ఆ మాట అనే హక్కు ఎక్కువగా ఉన్నది జాబ్ కార్డు ఉన్న ఆ ఆడవాళ్లకే.

పెద్ద పనుల సంగతి చెప్పనక్కర్లేదు. భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి చేశారు. ఒకే నేల, రెండు కొబ్బరికాయలు. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో కట్టిన 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి పలాస, ఇచ్ఛాపురం వైపు ఊళ్లకి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. మూడు ఉచిత సిలిండర్ల పథకం 2024 నవంబరు 1న ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో మొదలైంది. ఇవన్నీ ప్రభుత్వం పద్దులోవి. వీటి మీద కోపమో సంతోషమో ఉంటే చూపించే చోటు అసెంబ్లీ ఎన్నిక. ఎంపీటీసీ అభ్యర్థి వీటిని తన ఘనతగా చెప్పుకుంటే వినాలి, నవ్వాలి.

పట్టణం వాళ్లకి ఈ గొడవ కూడా లేదు. శ్రీకాకుళం పురపాలక సంఘం గడువు 2010లో తీరిపోయింది. 2015లో కార్పొరేషన్ చేశారు. పక్క ఊళ్ల విలీనం మీద కోర్టు వివాదాల మధ్య 2021 మునిసిపల్ ఎన్నికల్లో కూడా అక్కడ ఓటింగ్ జరగలేదు. విజయనగరం కార్పొరేషన్‌కి, ఇచ్ఛాపురానికి, పలాసకి అప్పుడు ఎన్నికలయ్యాయి. సిక్కోలు టౌనుకి మాత్రం ప్రత్యేకాధికారే దిక్కు. ఉప ఎన్నికలో ఎవరికి వేయాలా అని కొట్టుకునే పల్లెటూరివాడిని చూసి టౌనువాడు కుళ్లుకోవాల్సిన పరిస్థితి.

పద్దులు ఇంత స్పష్టంగా విడదీశాక కూడా బెంచీ మీద ఇంకో మాట మిగులుతుంది, ఆ మాట అన్నవాడిని తెలివితక్కువవాడు అనడానికి లేదు. "ఎవులు మంచోలో మనకెందుకు, ఉన్న గవర్నమెంటు మడిసిని గెలిపిత్తే పని అవుతాది." దీన్ని చదువుకున్నవాళ్లు అవకాశవాదం అంటారు. నేను బేరం అంటాను. ప్రభుత్వం మారదని ఉప ఎన్నికలో ఓటరుకి ముందే తెలుసు. మిగిలిన గడువు ఏడాదో రెండేళ్లో. ఈ కాస్త కాలంలో ప్రతిపక్షం మనిషి గెలిస్తే ఆయన అడుగుతాడు, అధికారి తలూపుతాడు, ఫైలు అక్కడే ఉంటుంది. అధికార పక్షం మనిషి గెలిస్తే కనీసం ఎమ్మెల్యే ఇంటి గుమ్మం ఎక్కగలడు. ఓటరు వేసుకునే లెక్క అంతే. అందులో మెచ్చుకోలు లేదు, తీర్పు లేదు.

అందుకే ఉప ఎన్నిక ఫలితాన్ని ప్రభుత్వానికి వచ్చిన మార్కుల కాగితంలా చదవడం తప్పని నా వాదన. గెలిచిన పార్టీ ఎలాగూ అలాగే చదువుతుంది, అది వాళ్ల వృత్తి. చదివి మోసపోయిన సందర్భాలు మనకి కొత్త కాదు. 2017 ఆగస్టులో నంద్యాల ఉప ఎన్నికలో అప్పటి అధికార తెలుగుదేశం 27 వేల పైచిలుకు ఓట్లతో గెలిచింది. రెండేళ్లు కాకముందే రాష్ట్రం పోయింది, నంద్యాల కూడా పోయింది. ఎదురుగాలి వీచిన ఉప ఎన్నిక కూడా ఇంతే. మన నరసన్నపేటనే చూడండి. 2012 జూన్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలు వచ్చినప్పుడు అధికారంలో ఉన్న కాంగ్రెస్‌ని కాదని ఇక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి ధర్మాన కృష్ణదాస్‌ని గెలిపించారు. ఆయన మీద కాంగ్రెస్ నిలబెట్టింది ఆయన సొంత తమ్ముడు రామదాస్‌ని. ఇంకో సోదరుడు ప్రసాదరావు అప్పుడు కాంగ్రెస్ మంత్రి. ఒకే ఇంటి పేరు మధ్య ఊరు ఎంపిక చేసుకుంది. సానుభూతి, కుటుంబం, పార్టీ, ప్రభుత్వ పనితీరు వీటిలో దేనికి ఎన్ని ఓట్లు పడ్డాయో విడదీసి చెప్పగలవాళ్లు ఎవరు? 2014 వచ్చేసరికి అదే నియోజకవర్గం తెలుగుదేశం అభ్యర్థి బగ్గు రమణమూర్తిని గెలిపించింది.

బేరం లేని చోట ఓటు ఎలా పడుతుందో చూడాలంటే 2023 మార్చి 13 దగ్గరికి వెళ్లాలి. అది ఉప ఎన్నిక కాదు గాని మన చర్చకి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ రోజు శ్రీకాకుళం జిల్లాలో రెండు పోలింగులు జరిగాయి. ఉత్తరాంధ్ర పట్టభద్రుల ఎమ్మెల్సీకి డిగ్రీ ఉన్నవాళ్లు ఓటేశారు. స్థానిక సంస్థల ఎమ్మెల్సీకి ఎంపీటీసీలు, జడ్పీటీసీలు ఓటేశారు. రెండోదాంట్లో అధికార వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి నర్తు రామారావు గెలిచారు. మొదటిదాంట్లో ప్రతిపక్ష తెలుగుదేశం అభ్యర్థి వేపాడ చిరంజీవిరావు గెలిచారు. ఒకే జిల్లా, ఒకే రోజు, రెండు పెట్టెల్లో రెండు మాటలు. పట్టభద్రుడికి ఎమ్మెల్యే గుమ్మం ఎక్కే పని పెద్దగా ఉండదు, తన ఓటు ఎవరికి పడిందో పసిగట్టేవాళ్లు ఊళ్లో ఉండరు. కోపం ఉంటే వేసేస్తాడు. స్థానిక ప్రజాప్రతినిధి పార్టీ టికెట్ మీద గెలిచినవాడు. పైగా 2021 ఏప్రిల్‌లో ఆ ఎన్నికల్నే తెలుగుదేశం బహిష్కరించింది. విజయనగరంలో 34కి 34 జడ్పీటీసీలూ ఒకే పార్టీకి వచ్చాయంటే అందులో జనం మనసు ఎంత, ఎదురులేకపోవడం ఎంత? 2024లో ఉమ్మడి శ్రీకాకుళం 10 అసెంబ్లీ సీట్లు, ఉమ్మడి విజయనగరం 9 సీట్లు, మొత్తం 19 కూటమికి వెళ్లిపోయాయి. 2021 ఫలితాన్ని మార్కుల కాగితంలా దాచుకున్నవాళ్లు ఆ రోజు దాన్ని ఏం చేశారో తెలీదు.

2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నిక అయ్యాక కూడా ఇదే తంతు. భయం పోయి జనం ఓటేశారని గెలిచిన అధికార పక్షం అంది, ఓడినవాళ్లు అసలు ఓటే వేయనివ్వలేదన్నారు. రెండు మాటల్లో ఏదో ఒకటే నిజమని కాదు గాని, ఆ ఫలితం చూసి రాయలసీమ మనసు తెలిసిపోయిందని రాసినవాళ్లని మాత్రం నేను నమ్మలేదు.

బూత్ దగ్గర నిలబడేది ఎవరు అన్న ప్రశ్న కూడా ఉంది. మన ప్రాంతంలో ఇది అన్నిటికంటే పెద్దది, కానీ టీ బడ్డీ వాదనల్లో ఎక్కడా రాదు, ఎందుకంటే రావాల్సినవాళ్లు అక్కడ ఉండరు. సిక్కోలు, విజయనగరం ఊళ్లలో వయసు కుర్రాళ్లు చాలామంది హైదరాబాద్‌లో తాపీ పనికో, అపార్ట్‌మెంటు వాచ్‌మెన్‌గానో, చెన్నైలో, విశాఖలో ఏదో ఒక పనిలో ఉంటారు. తీరం ఊళ్ల మత్స్యకారులు గుజరాత్ వేరావల్ బోట్ల మీద ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో వెయ్యి మంది మగవాళ్లకి శ్రీకాకుళం జిల్లాలో 1015 మంది, విజయనగరంలో 1019 మంది ఆడవాళ్లు లెక్కకొచ్చారు. దీనికి వలస ఒక్కటే కారణమని కాదు గాని, సాయంత్రం పూట ఊళ్లో తిరిగి చూస్తే ఆ లెక్క కళ్లకి కనిపిస్తుంది.

2024 మే 13 పోలింగుకి వీళ్లంతా వచ్చారు. బస్సుల్లో, రైళ్లలో నిలబడి, తలుపుల దగ్గర వేలాడుతూ వచ్చారు. ఒక ఎంపీటీసీ సీటు కోసం ఎవరొస్తారు? రెండు రోజుల కూలి పోతుంది, మేస్త్రీ ఒప్పుకోడు, పోలింగు మన మండలంలో గాని హైదరాబాద్‌లో సెలవు కాదు. అభ్యర్థులు ఛార్జీలు పంపి రప్పించుకునేవాళ్ల సంగతి వేరు. కాబట్టి ఉప ఎన్నికలో నిజంగా ఓటేసేది ఊళ్లో మిగిలినవాళ్లు: పింఛను తీసుకునే ముసలివాళ్లు, డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు, పొలం వదలని రైతులు, పార్టీల మనుషులు. జాబితా అదే, ఓటరు వేరు. ఉద్యోగం లేదని, వలస తప్పలేదని ప్రభుత్వం మీద నిజమైన కోపం ఉన్నవాడి ఓటు ఎక్కడో సెంట్రింగ్ కర్రల మధ్య ఉండిపోతుంది. ప్రతి నెలా 1వ తేదీన ఇంటికొచ్చి చేతిలో పెట్టే పింఛను మీద ఆధారపడినవాళ్ల ఓటు తప్పకుండా పడుతుంది.

ఆ ఓటులో కృతజ్ఞత ఎంత, భయం ఎంత అన్నది ఇంకో ముడి. "మాటినకపోతే పేరు తీసేత్తారట" అనే మాట ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఎన్నికల ముందు ఊళ్లో తిరుగుతుంది. పింఛను ఇవ్వడం, తీసేయడం ఎంపీటీసీ చేతిలో లేదు. సర్పంచ్ చేతిలోనూ లేదు. అర్హత నిబంధనలు రాష్ట్రానివి, అమలు అధికారులది. మా ఊళ్లో ఒక ముసలావిడకి ఇది విడమరిచి చెబితే శ్రద్ధగా విని, "నువ్వు సెప్పింది నిజమే బావూ, అయినా నాకెందుకు గొడవ" అంది. ఆమెకి చట్టం అర్థం కాక కాదు. చట్టం పంచాయతీ ఆఫీసులో ఉంటుంది, పార్టీ మనిషి వీధి చివర ఉంటాడు.

ఉప ఎన్నిక అసలు వస్తుందా రాదా అన్నదానికీ ఒక లెక్క ఉంది. అసెంబ్లీ, లోక్‌సభ సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో ఎన్నిక పెట్టాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ అంటుంది. మిగిలిన గడువు ఏడాదిలోపే అయితే అక్కర్లేదు. అది కేంద్ర ఎన్నికల సంఘం పని. సర్పంచ్, ఎంపీటీసీ, జడ్పీటీసీలవి రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. వచ్చిందనుకున్న ఎన్నిక వెనక్కి పోవడమూ మనం చూశాం. 2024 నవంబరులో విజయనగరం స్థానిక సంస్థల ఎమ్మెల్సీకి ఉప ఎన్నిక ప్రకటించారు, నామినేషన్లు తీసుకున్నారు, పోలింగ్ తేదీ 28 అన్నారు. ఇంతలో ఆ సీటులో ఉన్న ఎమ్మెల్సీ ఇందుకూరి రఘురాజు మీద మండలి ఛైర్మన్ వేసిన అనర్హత వేటుని హైకోర్టు కొట్టేసింది. సీటే ఖాళీ కానప్పుడు ఎన్నిక దేనికి? నోటిఫికేషన్ రద్దయింది. అప్పటిదాకా జరిగిన చర్చలు, కులాల కూడికలు, క్యాంపు రాజకీయాల ఊహలు అన్నీ గాలికి పోయాయి.

బడ్డీ దగ్గర ఆ రోజు నేను ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు. ఎంపీటీసీ మండల మీటింగుకి వెళ్లి మన ఊరి మాట అడిగే మనిషి అని మాత్రం చెప్పాను. ఆమె గ్లాసు బోర్లించి, "అయితే ఆ పోయినాయన ఎన్ని మీటింగులకెల్లేడు? ఏటడిగేడు?" అంది.

బెంచీ మీద ఎవరికీ తెలీదు. కాలవ పెద్దాయనకీ తెలీదు, పింఛను మనిషికీ తెలీదు. ఎవరెవరు వచ్చారో, ఏం తీర్మానించారో మండల పరిషత్తు మినిట్స్ పుస్తకంలో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ఆ బడ్డీలో టీ పది.